పేరు కొట్టించిన కంచం

ఈ ఉత్తరం నీకు పంపను. ఆపరేషన్ తర్వాతి రిపోర్టు వచ్చింది. నాది క్యాన్సర్ కాదట.

"తల్లి కడుపులున్నప్పుడు బొడ్డు నుంచి మూత్రసంచి దాకా సన్నటి గొట్టం ఉంటదమ్మా. తర్వాత మూసుకపోవాలె. నీది పూర్తిగ మూసుకపోలే. అండ్ల చీము పట్టి, స్కానింగ్‌ల కణితి లెక్క కనవడ్డది" అన్నాడు డాక్టర్.

కరీంనగర్‌లో స్కానింగ్ చూసినాయన కణితి కావచ్చు అని మాత్రమే అన్నాడు. సిరిసిల్లలో బస్సు దిగేసరికి అది క్యాన్సరేనని నీకు అనుమానమే మిగల్లేదు. పెళ్లికి బాపు నా పేరు కొట్టించి ఇచ్చిన కంచాన్ని అంటుకుంటుందని ఆ రోజే వేరుగా పెట్టించావు. వారం తిరక్కుండా దాన్ని కూడా నా బట్టల సంచిలో వేసి, ఖానాపూర్‌లో మా పుట్టింట్లో అవ్వ దగ్గర నన్ను దింపావు. బట్ట నేసే సాంచాలు ఆగిపోతాయంటూ వాకిట్లోంచే వెళ్లిపోయావు. ఆపరేషన్‌కూ రాలేదు.

నిన్న మీ అమ్మ వచ్చింది.

"గా బీమారి కాదంట గద బిడ్డా, ఇంటికి పోదాం పా. వాడు పరేషాన్ అయితుండు."

"మరి అల్లుడెందుకు రాలే?" అని అవ్వ అడిగింది.

"సాంచాలు ఇడిచిపెట్టి ఎట్లొస్తడు?"

మీ అమ్మకు అన్నం నేనే పెట్టాను, ఆ కంచంలోనే. అంచు మీద నా పేరు చూసి ఆమె చెయ్యి ఆగిపోయింది.

"నాకు ఆకలైతలేదు బిడ్డా" అంది.

అవ్వ ఆ కంచం తన ముందుకు జరుపుకుని తినసాగింది. తిరుగు బస్సు ఎన్నింటికని నేను మీ అమ్మను అడిగాను.