ఏ తలుపు జ్ఞాపకం దానిదే

ప్రియమైన తమ్ముడికి,

కాలు ఎలా ఉంది? కట్టు విప్పేదాకా నిచ్చెన జోలికి పోకు. ఇళ్ళు వదిలి వచ్చిన ఆడవాళ్ళుండే చోటు కదా, ఇక్కడ ఫోన్లు ఉంచుకోం. అందుకే లాండ్రీ వ్యాన్ అతని చేతికి ఈ ఉత్తరమిస్తున్నాను.

మా హోమ్‌కి నువ్వు బిగించిన తాళాలున్నాయే, కార్డు చూపిస్తే తెరుచుకునేవి, వాటి కార్డొకటి పోయింది. మా దగ్గర ఉంటున్న కుట్టుపని అమ్మాయిది. నిన్న ఆమె మొగుడు మా వీధి మలుపులో నిలబడి ఉన్నాడు. "నేనివ్వలేదు మేడమ్, ఒట్టు" అంటుంది. తనే మెత్తబడి మొగుడికి ఇచ్చిందని అందరి అనుమానం. నిజం చెప్పొద్దూ, నాదీ అదే. ఒక్క వంటపిన్నే "పాపం, దాన్నేమీ అనకండి" అని వెనకేసుకొస్తోంది. ఆ కార్డుని ఆఫీసు కంప్యూటర్లోంచి తీసెయ్యడం ఎలాగో చెప్పు.

నీ అక్క

*

అక్కా,

నా కాలికేం, ముందిది చదువు. ఆ తాళాలకు కంప్యూటర్‌తో సంబంధం లేదు. ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. ఏ తలుపు జ్ఞాపకం దానిదే. వీధి తలుపు మరిచిపోయినా మెట్ల తలుపు గుర్తుపెట్టుకునే ఉంటుంది.

కార్డు చేతిలో లేదు కాబట్టి అన్నీ చెరిపెయ్యడమే మేలు. నీ బీరువాలో పసుపు కార్డుంటుంది. నారింజ లైటు వెలిగేదాకా తలుపు పక్క డబ్బాకి ఆనించి ఉంచు. పాత కార్డులన్నీ మరిచిపోతుంది. తరవాత ఒక్కొక్కరిదీ మళ్ళీ ఎక్కించు. వీధి తలుపు, మెట్ల తలుపు, వంటగది తలుపు, మూడింటికీ విడివిడిగా. ఆలస్యం చెయ్యకు. వ్యాన్ అతన్ని వాకిట్లో నిలబెట్టే రాస్తున్నాను.

కుంటుతున్న నీ తమ్ముడు

*

తమ్ముడూ,

చెరిపేశాం. అందరి కార్డులూ మళ్ళీ ఎక్కించాను. కుట్టుపని అమ్మాయి మాత్రం గదిలోంచి రాలేదు. "ఎలాగూ పంపించేస్తారుగా" అంది. కొత్త కార్డు ఇవ్వాలో వద్దో తేల్చుకోలేక ఊరుకున్నాను. నేను రెండు తలుపులు చూసుకుంటుంటే, "మీకెందుకమ్మా శ్రమ" అని వంటపిన్ని పసుపు కార్డు తీసుకెళ్ళి వంటగదిది ముగించింది.

అతను ఇవాళా వచ్చాడు. ఈసారి వెనక సందులో. పోలీసులకు చెబితే, దారిలో నిలబడటం నేరం కాదన్నారు.

అక్క

*

అక్కా,

వెనక సందులో అతనికేం పని? అటున్నది వంటగది తలుపొక్కటే. అది చెరిపేశారని విన్నావా, చూశావా? మళ్ళీ ఎక్కించని పాత కార్డేదైనా ఉంటే మూడు తలుపులకీ నీ చేత్తో చూపించు. ఎర్ర లైటు రావాలి. పచ్చలైటు వస్తే అక్కడికక్కడే చెరిపెయ్. ఎవరి మాటా వినకు.

తమ్ముడు

*

చిన్నోడా,

జవాబు ఆలస్యమైంది, తిట్టుకోకు.

కిందటి నెల వెళ్ళిపోయిన టీచరమ్మ కార్డు దొరికింది. వీధి తలుపు దగ్గర ఎర్ర లైటు. మెట్ల దగ్గరా అంతే. సందులోకి వెళ్ళి వంటగది తలుపుకి చూపించాను. పచ్చగా వెలిగి టక్కున తెరుచుకుంది. లోపల వంటపిన్ని, చేతిలో గరిటె, మొహంలో నెత్తురుచుక్క లేదు.

"మొగుడే కదమ్మా! నా దగ్గర ఏడ్చాడు. ఎన్నాళ్ళని దాక్కుంటుంది? ఎదురుపడితే సర్దుకుంటారని దాని సంచిలోంచి తీసి నేనే ఇచ్చాను. ఇవాళ వస్తానన్నాడు."

తలుపుకి కాలు అడ్డంపెట్టి, సందులోకి వంగి, వెంట తెచ్చుకున్న పసుపు కార్డు ఆనించాను. సందు చివర అతను కనిపించాడు. నన్ను చూసి పరుగందుకున్నాడు. నారింజ లైటు వెలిగింది. లోపలికి దూకి తలుపు లాగేశాను.

బయట అతను కార్డు ఆనించిన కీచు చప్పుడు. మళ్ళీ. మళ్ళీ. తెరుచుకోలేదు. అప్పుడు మొదలుపెట్టాడు తన్నడం, పెళ్ళాన్ని ఏం చేస్తాడో అరిచి చెప్పడం. ఆ మాటలు నేను రాయలేను. వంటపిన్ని ఆ గొంతు విని గోడకి చేరగిలబడిపోయింది. పక్కింటివాళ్ళు పిలిచిన పోలీసులు వచ్చేసరికి తలుపు సొట్టలు పడింది గానీ ఊడలేదు. ఈసారి నేరమేనని అతన్ని తీసుకెళ్ళారు.

కుట్టుపని అమ్మాయి మెట్ల మీద నిలబడి అంతా విన్నది. వంటపిన్ని తన కాళ్ళ మీద పడబోతే పట్టుకుని ఆపింది.

"పిన్నీ, ఒక్కసారి నన్నడిగి ఉంటే చెప్పేదాన్ని కదా, ఎందుకొచ్చేశానో" అంది.

నేనూ అడగలేదురా. కార్డు ఎవరికిచ్చావని నిలదీశానే తప్ప. నిన్న అడిగాను. ఆమె చెబుతుంటే కదలకుండా కూర్చున్నాను. లాండ్రీ వ్యాన్ వచ్చి హారన్ కొట్టి వెళ్ళిపోయింది. లేవబుద్ధి కాలేదు.

నీ అక్క