యాదగిరి అన్న తప్పు కాదు

మంగళవారం, రాత్రి

పొద్దున ఫిల్మ్‌నగర్ స్టూడియోలో యాదగిరి అన్న లినక్స్ కంప్యూటర్‌లో గ్రాఫిక్స్ ప్రోగ్రామ్ తెరుచుకోలేదు. "ఏదో కెలికి ఉంటావు" అని మేనేజర్ గారు అందరి ముందూ ఆయన్ని కసిరారు. అన్న తల దించుకున్నాడు.

తీరా చూస్తే, అన్న పేరు మీద ఉండాల్సిన ఆ ప్రోగ్రామ్ సెట్టింగుల ఫైలు, కంప్యూటర్‌పై పూర్తి హక్కులున్న అడ్మిన్ ఖాతా పేరు మీదికి వెళ్లిపోయి ఉంది. నిన్న కొత్త ఫాంట్ పెట్టడానికి ఆ ప్రోగ్రామ్‌ని అడ్మిన్ హక్కులతో తెరిచింది, స్టూడియో కంప్యూటర్లు చూసుకునే నేనే. ఇక అన్న లాగిన్‌కి ఆ ఫైలు ముట్టుకునే వీల్లేకుండా పోయింది. ఒక్క కమాండ్‌తో ఫైలును మళ్లీ ఆయన పేరుకి మార్చాను. ప్రోగ్రామ్ తెరుచుకుంది.

మేనేజర్ గారి గదిలోకి వెళ్లి, "తప్పు నాదండీ" అన్నాను. "సరేలే, పని చూడు" అన్నారు.

అన్నకీ చెప్పాను. "గట్లనా? నేనే ఖరాబ్ చేసిన అనుకున్న" అని నవ్వాడు.

ఆయన్ని తిట్టింది అందరూ విన్నారు. నా మాట మాత్రం గదిలోనే చెప్పాను. రేపు టీ దగ్గర అందరూ ఉండగా చెప్పాలి.