ఉసిరి ముక్క వెయ్యనందుకు

అక్కా,

నువ్వు పోయి మొన్నటికి ఏడాది. ఇవాళ పిన్నికి రేడియేషన్ మొదలైతే తోడు వెళ్ళాను. నిన్ను చూసిన డాక్టరుగారే. ఆయన యాంటీఆక్సిడెంట్లు వాడొద్దనగానే పిన్ని, "అయితే ఉసిరికాయ పచ్చడి కూడా మానెయ్యాలా అండీ?" అని అడిగేసింది.

ఆయన నవ్వారు. "వద్దన్నది మాత్రలూ పొడులూనమ్మా. నోట్లో పుళ్ళు లేకపోతే పచ్చడి కొంచెం వేసుకోండి."

నీకూ యాంటీఆక్సిడెంట్లు వాడొద్దనే చెప్పారు. నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ కదా, ఇంటికొచ్చి యాంటీఆక్సిడెంట్లు వేటిలో ఉంటాయో వెతికి ఉసిరి, నేరేడు, కరివేపాకు కారం అన్నీ నీకు మానిపించాను. "నీ ఎమ్మెస్సీ మండిపోనూ, ఒక్క ముక్క వెయ్యవే, అన్నం దిగట్లేదు" అన్నావు. వెయ్యలేదు.

ఆ ముక్క నిన్ను బతికించేది కాదని తెలుసు. ఇంకో నాలుగు ముద్దలు తినేదానివేమో. ప్రతిదానికీ అనుమానపడే నేను ఆ ఒక్కదానికే అనుమానపడలేదు, ఆయన్ని తిరిగి అడగలేదు.

తిరిగొస్తూ ఆటోలో పిన్ని, "మంచాయనేనే, అడిగితే చెప్తున్నాడు" అంది.

అవునన్నాను.

నీ చెల్లి