అక్క కుడి కన్ను

జూన్ 3, సాయంత్రం

అట్టపెట్టెను స్కూటర్ వెనక కడుతున్నాం. గట్టిగా పట్టుకోవే అంది అక్క. ఫోన్ మోగింది. ఒక చేత్తో తీశాను. సాగదీసిన ఎలాస్టిక్ తాడు రెండో చేతిలోంచి జారింది. దాని హుక్కు వెళ్లి అక్క కుడి కంటికి తగిలింది. ఫోన్‌లో ఎవరో, రాంగ్ నంబర్.

అక్క వాచీలు బాగుచేస్తుంది. భూతద్దం పెట్టుకునేది ఆ కంటికే.

ఎలా తగిలిందని కంటి డాక్టర్ అడిగితే, నేనే వదిలేశానండీ అంది అక్క. నేను ఫోన్ బ్యాగులో పెట్టేసుకున్నాను.

జూన్ 4

కంటి లోపల రక్తం. కూర్చుంటే కిందికి దిగి, నల్లగుడ్డు అడుగున ఎర్రటి గీతలా నిలుస్తోంది. కంటికి షీల్డ్, తల కింద మూడు దిండ్లు, రోజుకు నాలుగుసార్లు చుక్కలు. వంగకూడదు, బరువులెత్తకూడదు. రక్తం తనంతట తానే ఇంకిపోవాలట. మళ్లీ కారకుండా, కంట్లో ప్రెషర్ పెరగకుండా చూసుకోవడమే మన పని అన్నాడు డాక్టర్. ఇంకా ఏదో చెప్పాడు. నేను ఆఫీసుకి మెసేజ్ పెడుతున్నాను.

జూన్ 5

గీత సన్నబడింది. అక్క నన్ను నర్సమ్మా అని పిలుస్తోంది. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

జూన్ 6

తలనొప్పి అంది. నా బ్యాగులో ఆస్పిరిన్ ఉంటే ఇచ్చాను. ఏ మాత్ర అని కూడా అడక్కుండా మింగింది.

జూన్ 7, ఉదయం 9

నల్లగుడ్డు సగం దాకా ఎర్రగా నిండిపోయింది.

ఏమైనా మాత్రలు వేసుకున్నారా అని అడిగాడు డాక్టర్. ఆస్పిరిన్ వేస్తే రక్తం ఆగదు, వద్దని ఆరోజే చెప్పానుగా అన్నాడు. అక్క ఒంటికంటితో నా వైపు చూసి, ఏమీ లేదండీ అంది. అయితే రక్తం గడ్డకట్టడంలోనే లోపముందేమో, పరీక్షలు చేయిద్దాం అన్నాడు.

11 గంటలకు

మళ్లీ డాక్టర్ గదిలోకి వెళ్లాను. ఆస్పిరిన్ ఇచ్చింది నేనే, హుక్కు వదిలింది కూడా నేనే అని చెప్పేశాను. డాక్టర్ తిట్టలేదు. తిడితే బాగుండేది. ప్రెషర్ తగ్గడానికి వేరే చుక్కలు రాశాడు. తగ్గకపోతే ఆపరేషన్ చేసి రక్తం కడిగెయ్యాలట.

 ఇల్లు చేరాక అక్క, నీ పరువు నేను దాస్తుంటే నువ్వే తీసి వీధిలో పెట్టుకున్నావు కదే అంది. నవ్వలేదు.

జూన్ 9

ప్రెషర్ తగ్గలేదు.

జూన్ 11

తగ్గింది! ఆపరేషన్ అక్కర్లేదట. చుక్కలు వేస్తుంటే సగం చెంప మీద పడ్డాయి. అది నీ కన్ననుకుని వెయ్యి అంది అక్క. అలా అనుకుంటే మిగతావీ చెంప మీదే పడ్డాయి.

జూలై 6

అక్క ఇవాళ కుడి కంటికి భూతద్దం పెట్టుకుంది. స్క్రూ రెండుసార్లు జారిపోయింది. కాస్త మసకగానే ఉందే అంది. వాచీ నా వైపు జరిపి, గట్టిగా పట్టుకోవే అంది.

ఫోన్ మోగింది. వాచీని రెండు చేతులతో పట్టుకున్నాను.