తిరిగి తెచ్చిన పిండిముద్ద

గార్డెన్ రీచ్, కలకత్తా
8-11-2009

చి.ల.సౌ. కాసులమ్మకు కూర్మయ్య దీవించి రాయునది.

ఇక్కడ క్షేమం. అందరం క్షేమం అని రాయాలి గానీ, నువ్వెళ్ళాక ఈ గదిలో అందరూ అంటే నేనొక్కణ్ణే. బారువలో మీ అమ్మ ఎలా ఉందో, మంచం మీద నీ తమ్ముడు బైరాగి ఎలా ఉన్నాడో అన్నీ రాశావు. నాలుగుసార్లు చదివాను. వాడికి నడుం కింద గిచ్చినా తెలియడం లేదన్న చోటికి వచ్చేసరికి ప్రతిసారీ కాగితం మడిచేశాను.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరమేమిటని విసుక్కోకు. ఆ ఫోను ఎప్పుడూ వాడి తలగడ పక్కనే ఉంటుంది. నీతో ఒక్కదానితో చెప్పాల్సిన మాట అందులో చెప్పలేను. మూడుసార్లు ప్రయత్నించి, మూడుసార్లూ వాన గురించి మాట్లాడి పెట్టేశాను.

తిండి సంగతి అడిగావు. పక్కింటి జగ్గమ్మ వదిన చేపల పులుసు పంపుతోంది. రొట్టెలు మాత్రం తినడం మానేశాను. ఎందుకో ఈ ఉత్తరం చివరికి వచ్చేసరికి నీకే తెలుస్తుంది. షెడ్డుకి రోజూ వెళ్తున్నాను. మా షెడ్డు యజమాని మృత్యుంజయ దాదా సముద్రం ఒడ్డున ఇసుకలో తోలే నాలుగు చక్రాల బళ్ళు ఇంకో రెండు తెచ్చి, వాటినీ అలాగే చెయ్యమన్నాడు. వాటి మీద పాత గోనె కప్పి, చూడనట్టు తిరుగుతున్నాను.

ఆ బండికి నేనేం చేశానో బైరాగి గొప్పగా చెబుతున్నాడనీ, నీకు అర్థం కాలేదనీ రాశావు. చెబుతాను. సైకిలు పంపు చూశావు కదా. గొట్టం అదే లావు, కానీ పిడిని ఎంత పైకి లాగితే అంత ఎక్కువ గాలి పీలుస్తుంది. ఇంజనులో పిస్టనూ అంతే. అది పైకీ కిందికీ నడిచే దూరాన్ని స్ట్రోక్ అంటాం. ఇసుకలో ఇద్దరు ఎక్కితే బండి లాగడం లేదని దాదా అంటే, నేను పిస్టన్ నడిచే గొట్టం ముట్టుకోకుండా స్ట్రోక్ పెంచాను. తిరిగే చక్రం మీద పిస్టన్ని ఆడించే పిన్నును మూడు మిల్లీమీటర్లు అంచువైపు జరిపాను. పైన మూడు, కింద మూడు, మొత్తం ఆరు. యాభై ఉన్నది యాభై ఆరయింది, నూట ఇరవై మూడు సీసీ ఇంజను నూట ముప్ఫై ఎనిమిదయింది. షెడ్డు బయట తోలి చూసి బైరాగి గంతులేశాడు.

"ఏటి తినిపించినావు బావా దీనికి? ఏనుగులా లాగుతంది!"

నాకు ఎంత గర్వమో చెప్పలేను. ముప్ఫై ఏళ్ళు లేతు మీద చెయ్యి అరగదీసుకున్నందుకు ఆ ఒక్క మాట చాలనిపించింది.

అయితే పిస్టన్ మూడు మిల్లీమీటర్లు ఎక్కువ పైకొస్తే పైన మూతకి కొట్టుకుంటుంది. అందుకని గొట్టం కింద సరిగ్గా మూడు మిల్లీమీటర్ల ప్లేటు వేసి దాన్ని అంత పైకెత్తాలి. ఎత్తాక, పిస్టన్ నెత్తిన పిండిముద్ద పెట్టి, మూత బిగించి, చేత్తో ఇంజను తిప్పి, మళ్ళీ మూత విప్పి, నలిగిన పిండి ఎంత మందం మిగిలిందో చూడాలి; పిస్టనుకీ మూతకీ మధ్య ఉన్న ఖాళీ అంతే. అందుకే కదా అలాంటి పని ఉన్న రోజు నీ రొట్టెల పిండిలోంచి ఇంత ముద్ద పట్టుకెళ్ళేవాణ్ణి. "ఇంజనుకి కూడా టిఫినేటి" అని నువ్వు నవ్వేదానివి.

నీ ఉత్తరం చివర ఒకే వాక్యం రాశావు. "పూజనాడు పిండిముద్ద ఎండిపోయి మళ్ళీ ఇంటికెందుకు తెచ్చినావు?" అని. నీకు అనుమానం వచ్చిందని నాకు తెలిసింది కాసులూ.

విశ్వకర్మ పూజ ముందురోజే కొలిచే సామాన్లన్నీ కడిగి, సిందూరం పెట్టి, దేవుడి పీట మీద పెట్టేశారు. ఇక పూజ అయ్యేదాకా ముట్టుకోకూడదు. రేకుల్లోంచి ప్లేటు కోసేటప్పుడు మందం కొలిచే వెర్నియర్ నా దగ్గర లేదు. గోటితో అంచు తడిమి మూడే అనుకున్నాను. ఇంజను బిగించి, పిండి పరీక్ష మర్నాటికి వదిలాను. మర్నాడు వెళ్ళేసరికి స్పానర్లు కూడా దేవుడి ముందున్నాయి. బండినీ, దాన్ని తోలే బైరాగినీ సముద్రం ఒడ్డుకి తీసుకెళ్ళే వ్యాను గుమ్మంలో ఉంది. ఒక్క పూట ఆగమని అడిగితే దాదా ఆగేవాడే. నేను అడగలేదు. బైరాగి అడిగాడు.

"బావా, పిండి పెట్టి చూసినావా?"

"నిన్ననే చూసీసినానురా, ఎక్కు" అన్నాను. ముద్ద అప్పుడు నా జేబులోనే ఉంది.

దసరా అష్టమినాడు ఇసుకలో పూర్తి జోరు మీద ఇంజను పట్టేసి, వెనక చక్రాలు బిగుసుకుపోయి, బండి తిరగబడి వాడి నడుం మీద పడింది. అందరూ కుర్రాడు జోరు చేశాడన్నారు. ఆస్పత్రిలో వాడు నా చెయ్యి పట్టుకున్నాడు.

"నిజం సెప్పు బావా, నేనేటి తప్పు సేసినాను?"

అప్పటికి నేను ఇంజను విప్పి చూశాను. ప్లేటు రెండున్నరే ఉంది. వేడెక్కి, జోరందుకుని పిస్టన్ మూతని కొట్టి ముక్కలైంది. అంతా తెలిసి కూడా, "జోరుగా తోలీసినావురా" అన్నాను. వాడు తల ఊపాడు. నమ్మేశాడు. వాడి నడుం విరిచింది చాలక, ఆ తప్పు కూడా వాడి నెత్తినే పెట్టాను. బాగయ్యాక మళ్ళీ బావ చేతే బండి కట్టించుకుంటానని వాడు అంటున్నట్టు రాశావు. అది చదివినప్పటి నుంచి నాకు బతకాలని లేదు. కంగారుపడకు, ఏమీ చేసుకోను. చచ్చిపోతే ఈ మాట వాడికి ఎవరు చెబుతారు?

క్షమించమని అడగను. అడిగితే వాడు వెంటనే "పోనీ బావా" అనేస్తాడు. నువ్వు ఇక్కడికి తిరిగి రావాలో వద్దో నీ ఇష్టం. రాకపోయినా మాట అనను.

ఆ ప్లేటు ఈ కవరులోనే పెట్టాను. ముందు ఏమీ చెప్పకుండా దాన్ని వాడి చేతికివ్వు. గోటితో మందం చూడడం వాడికి నేర్పింది నేనే. నా గోరు మొద్దుబారింది, వాడిది ఇంకా బాగానే ఉంటుంది. రెండున్నర అని వాడి నోటితో వాడే చెబుతాడు. అప్పుడు ఈ ఉత్తరం మొదటి నుంచి చదివి వినిపించు.

ఇట్లు,
బైరాగి బావ,
కూర్మయ్య