తదుపరి ఉత్తర్వుల వరకు

23 ఆగస్టు 1979
లోక్‌సభ రద్దయిందట. అన్న దుకాణం మూసి వచ్చి రేడియో ముందు కూర్చున్నాడు. ప్రధాని సభకు ముఖమైనా చూపకుండా రాజీనామా చేశాడు... అయినా ఎన్నికలయ్యేదాకా ఆయనే ఉంటాడు.
"గిదేం తరీక చెల్లె? దిగిపోయినోడే కూసుండుడేంది?"
ఆపద్ధర్మ ప్రధాని అన్నాను. ఆ మాట పలకడానికి ఎంత బాగుందో.

27 ఆగస్టు
ప్రిన్సిపాల్ గారికి బదిలీ. ఆర్డరు నా పేరు మీద వచ్చింది. ఒకటే వాక్యం — తదుపరి ఉత్తర్వుల వరకు కాలేజీకి ఇంచార్జిగా ఉండవలసింది. ఏం చేయవచ్చో, ఏం చేయకూడదో ఒక్క ముక్క లేదు. పదిహేనేళ్ళుగా సివిక్స్ చెబుతున్నాను. ఇప్పుడు నేనే పాఠంలోకి నడిచి వెళ్ళినట్టుంది.

28 ఆగస్టు
ప్రిన్సిపాల్ కుర్చీలో కూర్చోబోతుంటే అటెండరు కొమురయ్య పరుగున వచ్చాడు.
"అండ్ల కూసోవద్దు మేడం. ఇంచార్జోళ్ళు పక్క కుర్చీలనే కూసుంటరు."
"ఎక్కడ రాసి ఉంది కొమురయ్యా?"
"రాసుడేంది మేడం... గట్లనే."
ప్రిన్సిపాల్ వాడే ఆకుపచ్చ సిరా కూడా కూడదట. ఈ కాలేజీకి రాజ్యాంగం ఆయనే. సరే, పక్క కుర్చీ కిటికీ దగ్గరికి జరుపుకున్నాను. అక్కణ్ణుంచి గోవిందరాజుల గుట్ట కనిపిస్తుంది.

4 సెప్టెంబరు
ముసురు. గుట్ట లేదు, మబ్బే ఉంది. పొద్దంతా దాన్నే చూశాను.

11 సెప్టెంబరు
సెకండియర్‌కు ప్రధాని అధికారాలు. బోర్డు నిండిపోయింది — మంత్రులను ఎంచుకోవడం, తీసెయ్యడం, శాఖలు పంచడం, సభను రద్దు చేయమని రాష్ట్రపతికి చెప్పడం. హద్దులకు చోటు చాలక మూలన ఇరికించాను. సభలో మెజారిటీ పోతే ఇవేవీ లేవు. ఆపద్ధర్మ ప్రధాని అయితే రోజువారీ పనులే చూడాలి, కొత్త నిర్ణయాలు కూడవు.
వెనక బెంచీలో అనసూయ లేచింది. కాశిబుగ్గ నుంచి నడిచి వచ్చే నేతవాళ్ళ పిల్ల.
"గది రాజ్యాంగంల ఏడ రాసున్నది మేడం?"
రాసి లేదమ్మా, సంప్రదాయం అన్నాను. కొమురయ్య గుర్తొచ్చి నవ్వు ఆపుకోవలసి వచ్చింది.

8 అక్టోబరు
ఆపద్ధర్మ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చిందట. "గది రోజువారీ పనేనా?" అని మా అన్న ఎకసెక్కెం. కాదు. "మరెట్ల జేసిండ్రు?" చేశారు... రాష్ట్రపతి సంతకం పెట్టారు.

19 నవంబరు
అనసూయ రావడం లేదు. ఎన్ని వారాలైందో. ఆ బెంచీలో పిల్లలు ఆమె చోటు వదిలి కూర్చుంటున్నారు.

12 డిసెంబరు
పొద్దున పొగమంచు. నర్సంపేట వైపు నుంచి పత్తి బండ్లు వస్తున్నాయి, ఎడ్లు కనిపించవు, గజ్జెలే వినిపిస్తాయి. రోడ్డు పక్కన నిలబడిపోయాను. కాలేజీకి వెళ్ళాలన్న సంగతే మరిచాను.

14 జనవరి 1980
ఢిల్లీలో కొత్త ప్రధాని ప్రమాణం. అక్కడ ఆపద్ధర్మం ముగిసింది. ఇక్కడ నా పక్క కుర్చీ అలాగే ఉంది.

6 ఫిబ్రవరి
అనసూయ తిరిగొచ్చి నెల దాటింది. ఇవాళ హాజరు చూశాం. పరీక్షకు కావలసినదానికి పద్నాలుగు రోజులు తక్కువ. పిలిపించాను.
"నాయిన కాలు ఇరిగింది మేడం. సొసైటోళ్ళ నూలు మగ్గం మీదనే ఆగిపోయింది. నేనే మగ్గమెక్కిన."
వాళ్ళ ఇంట్లో ఆడవాళ్ళు కండెలకు నూలు చుడతారు. మగ్గం మీద మగవాళ్ళే. ఈ పిల్ల మూడు నెలలు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నేసింది.
"పరీక్ష రాస్తె టీచర్ ట్రైనింగ్‌కు పోత మేడం. రాయకుంటె ఇగ ఆ గుంటల్నే." కళ్ళు దించుకోలేదు, ఏడవలేదు. హాజరు పట్టీ మళ్ళీ ఒకసారి లెక్కపెట్టాను.
తక్కువైన రోజులు మాఫీ చేసే అధికారం ప్రిన్సిపాలుది. మరి ఇంచార్జికి?
"ఇంచార్జోళ్ళు మాఫీ చెయ్యరు మేడం" అన్నాడు కొమురయ్య. "ఇంతకుముందు ఎవలూ చెయ్యలే."
హైదరాబాదులోని పై ఆఫీసుకు రాశాను, చేయవచ్చా అని.

13 ఫిబ్రవరి
మధ్యాహ్నం పక్క కుర్చీలోనే కునుకు. కల. పార్లమెంటు ఎన్నడూ చూడలేదు, అందుకే కాబోలు మా ఊరి కోట తోరణాల మధ్య పెట్టుకున్నాను. పైకప్పు లేదు, ఆకాశమే. బెంచీల మధ్య తెల్లటి నూలు పడుగు పరిచి ఉంది, కొస కనిపించదు. నేను హాజరు పిలుస్తున్నాను. ప్రధానమంత్రి? పలకరు. మళ్ళీ పిలిచాను. "ఒక్కనాడు గూడ రాలే మేడం" అన్నారెవరో, గొంతు కొమురయ్యది.
లేచాక చాలాసేపు నవ్వుకున్నాను. ప్రధానిగా సభకు ఒక్కరోజైనా రాని ఆయన అయిదు నెలలు దేశాన్ని నడపవచ్చు. పద్నాలుగు రోజులు తక్కువైన పిల్ల పరీక్ష రాయకూడదు. నవ్వు పోయి ఒళ్ళు మండింది, ఎవరి మీదో మాత్రం తెలియలేదు.

20 ఫిబ్రవరి
ప్రీఫైనల్ పేపర్లు దిద్దుతున్నాను. అనసూయది — 'ఆపద్ధర్మ ప్రధాని అనగా ఆపదలో ఉన్నవారికి ధర్మము చేయు ప్రధాని.'
ధర్మం చెయ్యి తల్లీ, అని గడప ముందు అడిగేవాళ్ళ ధర్మం! ఇన్నేళ్ళలో ఈ తప్పు ఎవరూ చేయలేదు. సున్నా వేశాను, వేయక తప్పదు. కానీ ఆ పేపరు కట్టలో పెట్టలేదు. ఇంటికి తెచ్చుకుని మళ్ళీ చదివాను. తప్పే. ఎందుకో నచ్చుతోంది.

25 ఫిబ్రవరి
హైదరాబాదు నుంచి జవాబు లేదు. హాల్ టికెట్ల జాబితా రేపే పోవాలి.
అన్నకు చెప్పాను. "నీకెందుకే ఆ లొల్లి? నౌకరి మీదికొస్తె ఎట్ల?" అన్నాడు. భయంగానే ఉంది. పోనీ, అధికారం లేదని ఎక్కడైనా రాసి ఉందా? లేదు. ఉందని కూడా రాసి లేదు. ఈ ఖాళీలో ఎవరు ఏం చేస్తే అదే సంప్రదాయం అవుతుందని నేనే కదా బోర్డు మీద రాసేది.

26 ఫిబ్రవరి
సంతకం చేశాను. మాఫీ. నీలం సిరా, కింద ఇంచార్జి అని. కొమురయ్య కాగితం చాలాసేపు చూశాడు. "మంచిది మేడం" అని సీలు తానే కొట్టాడు.

17 మార్చి
పరీక్షలు మొదలు. మూడో గదిలో కిటికీ పక్కన అనసూయ. నేను అటు వెళ్ళినప్పుడల్లా రాస్తూనే ఉంది.

26 మార్చి
సాయంత్రం టపా. కొమురయ్య ఒక కవరు రెండు చేతులతో పట్టుకొచ్చాడు.
"పట్నం కాయితం మేడం. రిజిస్టర్ల ఎక్కియ్యాల్నా?"
హైదరాబాదు జవాబు వచ్చేసింది. రేపు సివిక్స్. అనసూయకు చివరి పేపరు, పన్నెండుకు అయిపోతుంది. ఈ కవరులో సరే అని ఉండవచ్చు. కాదు అని ఉంటే... చదివాక నాకు తెలిసినట్టే. రేపు గేటు దగ్గర ఆ పిల్లను నేనే ఆపాలి.
"రేపు పన్నెండు దాటినాక ఎక్కించు" అన్నాను.
కవరు టేబులు మీద పెట్టి తలుపు దగ్గరగా వేసి వెళ్ళాడు.

27 మార్చి
గేటు దగ్గర నిలబడ్డాను. అనసూయ హాల్ టికెట్ చూపించింది. చూసి ఇచ్చేశాను. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది.
"పట్నం నుంచి జవాబొచ్చిందా మేడం?"
ఈ పిల్ల అడుగుతుందని అనుకోలేదు.
"నేనింకా చదవలేదు."
నా ముఖం వైపే చూసింది. అర్థమైనట్టుంది. పరుగున లోపలికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు పదకొండు. కిటికీ ఎండ కవరు మీద పడి లోపలి టైపు అక్షరాలు లీలగా తేలుతున్నాయి. కాస్త వంగితే చదవవచ్చు. బోర్లా తిప్పాను. ఇంకొక్క గంట...