ఇంజను పుట్టిన నెల

ఇండియానా, మే 9, 2011

అర్లీన్ అక్కకు,

ఫోను చేస్తే నీ గొంతు వినగానే మళ్లీ మాట మార్చేస్తానని ఉత్తరం రాస్తున్నాను.

వెర్లిన్ బావ పోయాక ఆయన కారు అమ్ముతున్నానని, అసలు ఇంజనే ఉంటే మంచి ధర వస్తుందని, బాగు చేసింది నేనే కాబట్టి "ఇంజను కారుతోపాటు వచ్చిందే" అని సంతకం పెట్టి పంపమని అడిగావు. ఆ కాగితం నేనివ్వలేను అక్కా. ఆ ఇంజను ఆ కారుది కాదు.

ఎనభై తొమ్మిదిలో బావ ఆ అరవై ఎనిమిది నాటి పాంటియాక్ కారును తుప్పు ముద్దగా తెచ్చి నా షెడ్డులో దించాడు. "తొందరేం లేదు డెల్. టాప్ తీసి మీ అక్కని ఊరంతా తిప్పాలి, అంతే" అన్నాడు. ఇంజను విప్పి బాగు చేసి, వేడెక్కకుండా అందులో నీళ్లు పోసి నడిపి చూసుకున్నాను. ఆ నీళ్లు తీసెయ్యడం మరిచి జింకల వేటకు పోయాను. నాలుగు రోజులకు తిరిగొచ్చేసరికి నీళ్లు గడ్డకట్టి ఇనుము నిలువునా చీలింది. ఈ చలిలో పుట్టిపెరిగినవాడెవడూ చెయ్యని తప్పు. చెప్పడానికి నోరు రాలేదు. పాత కార్ల యార్డులో అదే రకం ఇంజను కొని, దాని నంబరు గీకేసి, బావ కారు పాత ఇంజను మీదున్న నంబరును ఒక్కొక్క అంకే సుత్తితో కొట్టాను.

తాళాలు అందుకుని బావ నన్ను కావలించుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. ఇరవై రెండేళ్లుగా ఆ కారెక్కమంటే నడుంనొప్పి అన్నాను. నాకే నొప్పీ లేదు.

కొనేవాళ్లకు నిజం చెప్పు. నన్ను మాత్రం మొహం చూపించమనకు.

నీ తమ్ముడు
డెల్మర్

మే 14

ఒరే డెల్,

ముందు ఏడ్చాను, తర్వాత తిట్టాను. ఎదురుగా లేక బతికిపోయావు.

మీ బావకు మొదటి వారంలోనే తెలుసు. నంబరు మార్చావు గానీ, ఇనుములోనే పోతపోసిన నెల చూసుకోలేదురా! కారు నవంబరుది, ఇంజను మరుసటి ఏప్రిల్‌ది. టార్చి వేసి చూసి ఒకటే నవ్వు. "చూశావటే అర్లీన్, కారు పుట్టిన అయిదు నెలలకి ఇంజను పుట్టింది!" అన్నాడు. "వాణ్ణి అడగరాదూ?" అన్నాను. "అడిగితే పాపం ఇంకో అబద్ధం ఆడాలి. వాడే చెబుతాడులే" అన్నాడు.

ఆయనకు బహుమతుల మీద మోజు లేదని నువ్వే అందరికీ చెప్పేవాడివి. లేకేం! జూలై సంతలో కార్ల పోటీకి పెడితే జడ్జీలు బానెట్ ఎత్తుతారు, ఆ నెల చూస్తారు, ఊళ్లో నీ పనికి పేరు పోతుంది. అందుకే ఏటా పోటీ కార్లకు గీసిన గీతకు ఇవతల గడ్డిలో మడతకుర్చీ వేసుకుని, పక్కవాళ్ల కార్లకు చప్పట్లు కొట్టాడు. నా కోపం ఇంజను గురించి కాదు, ఆ చప్పట్ల గురించి. ఆస్పత్రిలో నువ్వు చూసి వెళ్లాక కూడా, "ఈసారీ చెప్పలేదు" అన్నాడు.

కాబట్టి మొహం చూపించాల్సిందే. వచ్చే శనివారం సంత మైదానంలో కారు అమ్మకానికి నిలబెడుతున్నాను. అద్దం మీద పెట్టే అట్ట నా చేత్తోనే రాశాను: "ఇంజను దీనిది కాదు. ఎందుకో మా తమ్ముణ్ణి అడగండి." పక్కనే మీ బావ కుర్చీ వేస్తాను. అందులో కూర్చుని, అడిగిన ప్రతివాళ్లకూ చెప్పు.

ఏడింటికల్లా ఇంటికి రా. టాప్ తీసి ఉంచుతాను. మైదానం దాకా నువ్వే నడపాలి, నేను పక్కన కూర్చుంటాను. నడుంనొప్పి అన్నావంటే చంపేస్తాను.

నీ అక్క
అర్లీన్